నాలుగూ పదికి ఎవరెక్కడున్నారు?

నేను చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన అన్నాడు, “సుడిగాలుల గురించి రాయడానికి ఏముంటుంది? వస్తాయి, పోతాయి. దానికి ఆదివారాలు కూడా తగలెయ్యాలా?” కాలరు తిప్పి మడత సరిచేశాను. ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా వాదించకూడదని పదహారేళ్ళ కాపురంలో నేర్చుకున్నాను. చొక్కా మాడితే ఆ తప్పు కూడా నాదే అవుతుంది.

నేను వాతావరణ కార్యాలయంలో టైపిస్టుని. అరవై ఏళ్ళలో మా ప్రాంతాన్ని పదకొండు పెద్ద సుడిగాలులు ఊడ్చుకుపోయాయి. వాటి చరిత్రని పుస్తకంగా తెమ్మని పురపాలక సంఘం మా అధికారిని కోరింది. ఆయన ఆ ఫైళ్ళన్నీ నా బల్ల మీద పడేసి, “మీకు ఓపికెక్కువ కదమ్మా” అన్నాడు. ఆఫీసులో ఆడదాని ఓపికని మెచ్చుకున్నారంటే జీతంలేని పని ఏదో వస్తోందని అర్థం. పాత రిజిస్టర్లలో గాలి వేగం, సుడి వెడల్పు, లేచిపోయిన పైకప్పులు, కూలిన స్తంభాలు అన్నీ వివరంగా ఉన్నాయి. మనుషుల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక్క అంకె. నలభై రెండేళ్ళ కిందటి సుడిగాలికి పోయినవాళ్ళు నూట ముప్ఫై నలుగురు.

ఆ అంకె దగ్గర ఆగిపోయాను. గాలి వచ్చినప్పుడు వాళ్ళంతా ఎక్కడున్నారు? భోజన విరామాల్లో ఫోన్లు చేశాను. ఆసుపత్రి పాత కాగితాలు తిరగేశాను. బతికినవాళ్ళ ఇళ్ళకెళ్ళాను. మూడు నెలలకి తేలింది, పోయినవాళ్ళలో తొంభై ఆరుగురు ఆడవాళ్ళని. సుడిగాలి వచ్చింది సాయంత్రం నాలుగూ పదికి. సైరన్ ఏడు నిమిషాల ముందే మోగింది, మార్కెట్ భవనం మీద. మార్కెట్లోని మగవాళ్ళు గిడ్డంగి కింద నేలమాళిగలోకి దిగారు. ఎదురుగాలికి ఆ మోత కింది వీధుల దాకా రానేలేదు. అక్కడ ఒకావిడ పొయ్యి దగ్గరుంది. ఒకావిడ దండెం మీది బట్టలు తీస్తోంది. ఇద్దరు తోడికోడళ్ళు మంచాన పడ్డ మామగారిని లేవదీస్తున్నారు. ఇదంతా ఒక పేజీగా టైపు చేసి పుస్తకంలో పెట్టాను.

అధికారి ఆ పేజీని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. “ఇది గాలి చరిత్రమ్మా, వంటింటి చరిత్ర కాదు. తీసెయ్యండి.”

“సోమవారం పురపాలక సభలో రెండు కొత్త సైరన్లు ఎక్కడ పెట్టాలో తేలుస్తారు కదండీ. ఈ పేజీ లేకపోతే రెండూ మళ్ళీ మార్కెట్‌కే పోతాయి.”

“అది పెద్దవాళ్ళు చూసుకుంటారు.”

ఆ సుడిగాలి గురించి మా ఇంట్లోనూ ఒక కథ ఉంది. మామయ్య ఆ రోజు మార్కెట్లో ఇరవై మందిని నేలమాళిగలోకి దించి, తర్వాత ఇంటికి పరుగెత్తి, రెండేళ్ళ మా ఆయన్ని శిథిలాల్లోంచి బయటికి తీశాడట. మామయ్య పోయి ఐదేళ్ళయినా, ఇంటికెవరొచ్చినా మా ఆయన ఆ కథ చెబుతాడు. సరిగ్గా అప్పుడే అత్తయ్య టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోతుంది. ఊరందరినీ అడిగిన నేను, ఒకే ఇంట్లో ఉన్న ఆవిడని అడగలేదని ఆ ఆదివారం బట్టలు మడతపెడుతుంటే తట్టింది. సిగ్గేసింది.

“అత్తయ్యా, నాలుగూ పదికి మీరెక్కడున్నారు?”

ఆవిడ దుప్పటి రెండు కొసలు నాకిచ్చి, మిగతా రెండూ తను పట్టుకుంది. “అంట్లు తోముతున్నా. ఆకాశం ఆకుపచ్చగా అయిపోయింది. రైలు మీదికొస్తున్నట్టు మోత. వీణ్ణి లాక్కుని వంటగట్టు కిందికి తోసి, మీద పడుకున్నా. కప్పు వచ్చి నడుం మీద పడింది. ఈ నొప్పి అప్పటిదే. నువ్వేమో వయసు నొప్పనుకుని నూనె రాస్తావు.”

“మరి మామయ్య?”

“తెల్లారాక వచ్చారు. అప్పటికే పక్కింటి వాళ్ళు మమ్మల్ని తీశారు. నేలమాళిగ తలుపుకి లోపలినుంచి గడియ పెట్టింది ఆయనే. భయమేసిందని ఒక్కసారి చెప్పుకుని ఏడ్చారు. భయపడ్డందుకు నేనేం అనలేదమ్మా. తర్వాత కథ మార్చేశారు చూడు, అదీ...” దుప్పటి మడత పూర్తిచేసి, “రాసుకో” అంది.

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో.

“ఏంటమ్మా ఇది? నన్ను కాపాడింది నాన్న కాదా?”

“రాత్రంతా నిన్ను కప్పుకుని పడుకున్నది నేను రా.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“అడిగినవాళ్ళేరీ? ఇవాళ నీ పెళ్ళాం అడిగింది.”

నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. తల్లి నడుం వైపు చూస్తూ స్టూలు మీద కూలబడ్డాడు. “పుస్తకంలో పెట్టకు. నాన్న పరువు పోతుంది” అన్నాడు. జాలేసింది. జాలేసినా నా మాట మారలేదు.

“మామయ్య సంగతి రాయనండీ. అత్తయ్యకి ఏం జరిగిందో మాత్రం రాస్తాను. కింది వీధుల్లో ఇప్పుడు నాలుగొందల ఇళ్ళున్నాయి. సైరన్ వాళ్ళకి వినపడాలి.”

ఆయన మిగిలిన బట్టల కుప్ప తన ముందుకి లాక్కున్నాడు.

అత్తయ్య మాటల్ని ఆవిడ ఎదురుగానే టైపు చేసి చదివి వినిపించాను. ఒక్కచోట ఆపింది. “పిల్లాడి మీద ‘పడిపోయాను’ అని రాశావు. ‘పడుకున్నాను’ అని దిద్దు. అది నేను చేసిన పని.” దిద్దాను.

ఆ తర్వాత అధికారికి ఫోన్ చేసి, సోమవారం సభలో ఆ పేజీ ఉంటుందనీ, దాన్ని చదివేది నేనేననీ అన్నాను.

“ఎవర్నడిగి?” అన్నాడు.

“అడగడానికి ఫోన్ చెయ్యలేదండీ,” అన్నాను. “చెప్పడానికి చేశాను.”