అప్పగింతల క్యాసెట్

మా బాపు అప్పగింతల పాట వింటే ఏడవని ఆడకూతురు సిద్దిపేటలో లేదు. నేనొక్కదాన్నే.

బాపు పేరు బాలనర్సయ్య. బ్యాండుమేళాల కాలంలో పాటగాడు. ముందు బాకాలు, క్లారినెట్లు, డ్రమ్ములు, వెనక తోపుడుబండి మీద లౌడ్‌స్పీకర్, ఆ పక్కన మైకు పట్టుకుని తెల్లప్యాంటులో మా బాపు. అంత మోతలోనూ ఆయన గొంతు పెంచేవాడు కాదు. మైకును పెదాలకు ఆనించుకుని ఎవరో ఒక్కరి చెవిలో చెబుతున్నట్టు పాడేవాడు. వీధిలో ఉన్న ప్రతి మనిషీ ఆ ఒక్కరు తామే అనుకునేవారు. పెళ్లికూతుర్ని పంపే వేళ ఆయన పాట ఎత్తుకుంటే మగపెళ్లివాళ్లు కూడా కండువాతో కళ్లు తుడుచుకునేవాళ్లు. అప్పట్లో రికార్డింగ్ సెంటర్ వాళ్లు చేసిన క్యాసెట్లే ఇప్పుడు ఫోన్లలోకి ఎక్కాయి. బ్యాండుమేళం మొహం చూడని పిల్లలు కూడా రీల్స్‌కు ఆ పాటలే పెడుతున్నారు. ఊరేగింపంతా డీజే మోగినా సరే, పెళ్లికూతురు కారెక్కే ముందు దాన్ని ఆపి బాలనర్సయ్య పాట పెట్టాల్సిందే.

ఆ పెట్టేదాన్ని నేనే. మాది సౌండ్ సర్వీసు. మా ఆయన మొదలుపెట్టాడు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. కనకక్కా, మీ బాపు పాట పెట్టు అంటారు. కాదంటే బేరం పోతుంది కాబట్టి పళ్లు బిగబట్టి పెడతాను. ఊళ్లో అందరి బిడ్డల్నీ అత్తగారింటికి సాగనంపిన మనిషి, సొంత బిడ్డను మాత్రం సాగనంపలేదు.

నా పెళ్లి మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. పొద్దున బాపే కన్యాదానం చేశాడు. భోజనాలు ఇంకా నడుస్తుండగానే బెజ్జంకి నుంచి జీపు వచ్చింది. అక్కడ ఎవరో పెద్ద కాంట్రాక్టర్ ఇంట్లో పెళ్లి. బాలనర్సయ్య పాడకపోతే ఊరేగింపే వద్దని కూర్చున్నారట. పొద్దుగూకక ముందే వస్తానని, బిడ్డను తన చేతులతోనే ఒప్పజెప్తానని అవ్వకు, అంటే మా అమ్మకు, మాటిచ్చి జీపెక్కాడు.

పొద్దుగూకింది. బాపు రాలేదు. మేళంలో క్లారినెట్ వాయించే జానీ పాషా మోటార్ సైకిల్ మీద వచ్చి ఒక క్యాసెట్ ఇచ్చాడు. నా కోసమే బాపు కట్టిన కొత్త పాట అందులో ఉందట, అప్పగింతలప్పుడు పెట్టుకొమ్మన్నాడట. పాట ముందే రికార్డు చేయించి పెట్టుకున్నాడంటే, రానని కూడా ముందే తెలుసన్నమాట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

క్యాసెట్ పెట్టింది మా అవ్వ తమ్ముడు ఎల్లయ్య మామ. మా ఇంట్లో టేప్‌రికార్డర్ ఉన్నది పాటలు వినడానికి కాదు, దుబాయికి మాట్లాడటానికి. పెద్దమామ అక్కడ పనిలో ఉండేవాడు. ఇంటి ముచ్చట్లన్నీ క్యాసెట్లో మాట్లాడి, అటు పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. ఆ పెట్టెతో ఎల్లయ్య మామకు తెలిసిన పని ఒక్కటే, ఎర్ర బటన్నూ దాని పక్క బటన్నూ కలిపి నొక్కడం. ఆ రోజూ చేతి అలవాటు కొద్దీ రెండూ నొక్కాడు. పాట రాలేదు. వస్తుందేమోనని చాలాసేపు చూసి, పాడైనట్టుందని ఆపేశాడు. పాటా లేదు, బాపూ లేడు. నన్ను అత్తగారి ఊరు తొగుటకు పోయే వ్యాన్ ఎక్కించారు.

మరునాడు బాపు మా అత్తగారింటికి వచ్చాడు. ఎందుకు రాలేదని అడిగితే, జనం వన్స్ మోర్ అంటుంటే మధ్యలో ఎట్లా వస్తానన్నాడు. ఆ తర్వాత నవ్వాడు.

"పాట పంపిన గద బిడ్డా."

ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఏడాది తిరక్కముందే అవ్వ జ్వరంతో పోయింది. దినాలకు వెళ్లినప్పుడు ఆ క్యాసెట్ నా కంటపడింది. వేసి విన్నాను. పాట లేదు, మా వాకిలి ఉంది. మామ బాపు పాట మీద నా అప్పగింతల్ని రికార్డు చేశాడు. గిన్నెల చప్పుడు, వ్యాన్ హారన్, వాటి మధ్య మా అవ్వ అంజమ్మ గొంతు. దుబాయి క్యాసెట్ చేస్తున్నామంటే సిగ్గుపడి వంటింట్లోకి పోయే మనిషి, రికార్డవుతోందని తెలియక మాట్లాడింది. ఈ లోకంలో అవ్వ గొంతు ఉన్నది ఆ క్యాసెట్లోనే. ఆమె మాట ఆగిన చోట నేనూ ఆపేశాను. ఆ తర్వాత ఏముందో వినలేదు, ఎవరికీ చెప్పలేదు.

బాపు అభిమానులు మాత్రం తమకు తోచిన కథ అల్లుకున్నారు. బాలనర్సయ్య పాటలన్నింట్లోకీ గొప్ప పాట ఒకటుందని, కూతురు పంతానికి పోయి దాచిపెట్టిందని. ఆ ఒక్క క్యాసెట్లో తప్ప ఇంకెక్కడా లేని, ఎవరూ వినని పాట కదా, ఎంత గొప్పదైనా అవుతుంది.

నిరుడు బాపు గొంతుకు ఆపరేషనై మాట పూర్తిగా పోయింది. ఆయన పాటలంటే ప్రాణం పెట్టే రాజశేఖర్ అనే లెక్చరర్, ఫంక్షన్ హాల్లో సన్మానానికి ఏర్పాటు చేసి, బాపును వెంటబెట్టుకుని నా షాపుకొచ్చాడు. తన గొంతు ఎట్లాగూ పోయింది, ఆ ఒక్క పాట విని కళ్లు మూయాలని పెద్దాయన కోరిక అన్నాడు. బాపు నాకు చేతులు జోడించాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. రాజశేఖర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పాపం, నా మనసు కరిగిందనుకున్నాడు.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రోజు మా అవ్వ వాకిట్లో ఎట్లా నిలబడిందో బాపు వినాలి. ఇంట్లో చాటుగా కాదు, ఆయన్ను నెత్తిన పెట్టుకున్న ఈ ఊరి ముందు, శాలువా కప్పుకుని, మెడలో దండ ఉండగా వినాలి.

సన్మానం రోజు నా సామానే తీసుకుపోయాను. మంచి బాక్సులు పెట్టాను. ప్రతి మాటా చివరి కుర్చీ దాకా వినపడాలని రెండుసార్లు చూసుకున్నాను. ఉపన్యాసాలయ్యాక రాజశేఖర్ నా వైపు చెయ్యి చూపించాడు. హాలంతా ఫోన్లు పైకి లేపింది. నేను క్యాసెట్ వేశాను.

గిన్నెల చప్పుడొచ్చింది. హారన్ మోగింది. చీకటి పడుతోందని మా అత్తగారి తరఫు వాళ్లు గొణిగారు. అప్పుడు అవ్వ మాట్లాడింది.

"అయ్యా, ఇంకో గడియ ఆగున్రి. వస్తడు. మాటిచ్చిండు."

ఎవరో నవ్వారు. జిల్లకంత పాడెటోనికి బిడ్డను తోలే తీరిక లేకపాయె అని ఒక మగగొంతు వెటకారం చేసింది. గట్లనకున్రి అని అవ్వ బతిమాలింది. మలుపు కాడ జీపు సప్పుడైతుందని, ఒక్కసారి చూసి రమ్మని ఎవరినో పంపింది. జీపు కాదని వాళ్లు తిరిగొచ్చి చెప్పారు. మళ్లీ ఆగమంది. రాజశేఖర్ ఆపమని సైగ చేస్తున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను. బాపు తల వంచుకున్నాడు. దండ ఒళ్లోకి జారింది. నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు.

మామ ఆపినట్టు టక్కున చప్పుడైంది. నేను ఆపేలోపే బాక్సుల్లోంచి పాట వచ్చింది.

మామ ఆపేసిన చోట నుంచి పాట చివర కొంచెం మిగిలిపోయింది. మేళం లేదు, జానీ పాషా క్లారినెట్ ఒక్కటే. దాని మీద బాపు గొంతు, నా పేరు పెట్టి, నా ఒక్కదాని చెవిలో చెబుతున్నట్టు. అంత మంచి పాట ఆయన ఎన్నడూ పాడలేదు. ఒక్క చరణమైనా నిండలేదు, హాలంతా ముక్కులు చీదుతోంది. పాట అయిపోగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వన్స్ మోర్ అని వెనక నుంచి కేకలు. అప్పటిదాకా వాకిట్లో నిలబడి బతిమాలిన మా అవ్వను అంతలోనే మరిచిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ గొంతుతో ఈయన మళ్లీ గెలిచాడనుకున్నాను.

బాపు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. స్టేజీ దిగి నెమ్మదిగా నా మిషన్ దగ్గరికి వచ్చి, వేలు వెనక్కి తిప్పుతూ మళ్లీ పెట్టమని సైగ చేశాడు. తన పాట తనకే తనివి తీరలేదు కాబోలనుకుని, పాట మొదలైన చోటికి తిప్పాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకా వెనక్కి అని వేలితో చూపించాడు. ఇంకా తిప్పాను. వస్తడు, మాటిచ్చిండు అన్న చోట నా చెయ్యి పట్టుకున్నాడు. వంగి చెవిని స్పీకర్‌కు ఆనించాడు. అవ్వ మళ్లీ అంది, వస్తడు అని. వేలు మళ్లీ వెనక్కి తిప్పాడు.

అవ్వ గొంతు ఇందులో ఉందని ఇంతకాలం ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. నేను బటన్ నొక్కి క్యాసెట్ బయటికి తీశాను.

"నీ పాటలు ఊరందరి ఫోన్లల్ల ఉన్నయి బాపు. అవ్వ గొంతు గిదొక్కటే. దీనికి వన్స్ మోర్ లేదు."

క్యాసెట్ నా సంచిలో వేసుకున్నాను. జనం అరుస్తున్నారని రాజశేఖర్ తన ఫోన్లోంచి బాపు పాత పాట ఒకటి పెట్టించాడు. బాక్సుల్లో బాపు హాయిగా పాడుతున్నాడు. నా ఎదురుగా నిలబడ్డ బాపు నోరు తెరిచి ఏదో అడుగుతున్నాడు, గొంతు రావడం లేదు. ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. పాట అయ్యేదాకా ఆగి, నా వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాను.