వెంట్రుకవాసి కింద

నేను ఒక హెడ్‌ఫోన్‌ను. పాటలు రికార్డు చేసే గదిలో పాడేవాళ్ళ తలకు తొడిగే రకం. మనుషులు నన్ను చెవులకు పెట్టుకుంటారు కాబట్టి వినే వస్తువును అనుకుంటారు. నిజానికి నాకున్నవి రెండు నోళ్ళు. అంత దగ్గరగా నోరు పెట్టి మాట్లాడే హక్కు మీరు ఇంట్లోవాళ్ళకు కూడా రోజూ ఇవ్వరు. నాకు మాత్రం గంటల తరబడి ఇస్తారు. పైగా నా మాటను ఎవరూ అనుమానించరు. ఎదుట నిలబడి చెప్పినవాణ్ణి నమ్మని మనిషి కూడా చెవిలో పడ్డదాన్ని నమ్ముతాడు.

నేను పుట్టింది ఎక్కడో చలి దేశంలో. ఒక పలచని పొర, దాని వెనుక రాగి తీగ చుట్ట, దాని వెనుక అయస్కాంతం. ఇంతే నా ఒళ్ళు. ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర ఒక నడివయసు స్త్రీ నన్ను తలకు పెట్టుకుని, కుడి ఎడమలు ఒకేలా పలుకుతున్నాయో లేదో విని, సరేనన్నట్టు తల ఊపింది. ఇచ్చింది ఇచ్చినట్టు వినిపిస్తాను అని ఆమె ఇచ్చిన ధ్రువపత్రం అది. ఏమి ఇస్తారో ఆమె అడగలేదు. అడగడం ఆమె పని కాదు.

మొదట నన్ను కొన్నది చెన్నైలో ఒక డబ్బింగ్ థియేటర్. పరభాషా సినిమాల్లో విలన్లకు తెలుగు గొంతు అరువిచ్చే పెద్దమనిషి తల మీద కొన్నేళ్ళు బతికాను. పొద్దున ఊరంతా తగలబెడతానని అరిచి, మధ్యాహ్నం పెరుగన్నం తిని, సాయంత్రం పసిపిల్లల పౌడరు ప్రకటనకు అదే గొంతును వెన్నలా చేసి పలికేవాడు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ఏ గొంతు వాడాలో తోచక కాసేపు ఆగేవాడు. థియేటర్ మూతపడ్డాక, అక్కడ పనిచేసే నూకరాజు అనే సౌండ్ ఇంజనీరు సొంత ఊరు విశాఖపట్నం వెళ్ళిపోతూ నన్ను సంచిలో వేసుకున్నాడు.

అలా పెదవాల్తేరులో ఒక మేడ మీది స్టూడియోకు వచ్చాను. సముద్రం రెండు వీధుల అవతలే ఉన్నా దాని చప్పుడు ఆ గదిలోకి రాదు. గోడలకు దూది పలకలు, తలుపుల అంచులకు రబ్బరు. ఒక గదిలో పాడేవాళ్ళు నిలబడతారు, మధ్యలో అద్దం, అద్దానికి అవతల మీటలున్న బల్ల. ఆ బల్ల ముందు కూర్చునేవాడు సౌమిత్రి. సినిమా పాటలకు వాద్యాలు కూర్చే పనిలో తల నెరిసినవాడు. అందరినీ ‘అండీ’ అని పిలుస్తాడు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కోపం వచ్చినప్పుడు ఇంకా నెమ్మదిగా మాట్లాడతాడు.

సినిమాల హోరుతో విసిగి, తనకోసం కొన్ని పాటలు చేసుకోవాలనుకున్నాడు. జాజ్ పద్ధతిలో నింపాదిగా నడిచే తెలుగు పాటలు. ఒక ఆడగొంతు, ఎలక్ట్రిక్ పియానో, నిలువెత్తు బేస్, డ్రమ్ము మీద కర్రకు బదులు తీగల కుంచె, మూతికి గిన్నె బిగించిన ట్రంపెట్. పాట సభకు పాడినట్టు ఉండకూడదు. పక్క దిండు మీద తల పెట్టుకున్న మనిషితో చెప్పినట్టు ఉండాలి. అలాంటి పాటకు గాయనిగా అతను పిలిపించినామె కెజియా.

కెజియా ట్రాక్ సింగర్. పెద్ద గాయనికి తీరిక దొరికేదాకా షూటింగు ఆగదు కదా. అంతవరకు ఆ చోటును నింపి ఉంచే గొంతు ట్రాక్ సింగర్‌ది. పెద్దావిడ వచ్చాక దాన్ని చెరిపేసి అసలు గొంతు పెడతారు. కెజియా ఎన్ని పాటలు పాడిందో ఆమెకే లెక్క తెలియదు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు ఆమె గొంతుతో లేదు.

“ఇది కూడా ట్రాకేనా సార్?” అంది మొదటి రోజు.

“కాదండీ. మీ పేరుతోనే వస్తుంది.”

“అలాగే అంటారండీ అందరూ. తర్వాత బొంబాయి నుంచి ఎవరో దిగుతారు.”

నూకరాజు వైర్లు సర్దుతూ నవ్వాడు. “ఈసారి దిగినా మెట్లెక్కలేరక్కా. లిఫ్టు లేదు మనకి.”

ఆమె కూడా నవ్వి, వెంటనే ఆపేసింది. “మా చర్చిలో పిల్లలు అడుగుతారు సార్, ఆంటీ మీ పాట ఏదీ అని. వినిపించడానికి ఒక్కటి లేదు. ఒక్కసారి నా పేరుతో నా గొంతు ఉంటే చాలు. ఇంకేం వద్దు.”

ఆమె కోరింది అంతే. పెద్ద కోరికలున్నవాళ్ళకంటే ఒక్క కోరికున్నవాళ్ళ జోలికి పోవడం సులువని సౌమిత్రికి తెలుసనుకుంటాను.

నన్ను తలకు పెట్టుకోగానే కెజియా నా కుడి బుట్టను చెవి వెనక్కు జరిపింది. అది పాడేవాళ్ళ అలవాటు. ఒక చెవి పాటకు, ఒక చెవి తనకు. గదిలో తన గొంతు తనకు వినపడుతూ ఉంటేనే శ్రుతి నిలుస్తుందని నమ్మకం. సౌమిత్రి తలుపు తీసుకుని లోపలికి వచ్చి, రెండు చేతులతో నన్ను సరిచేసి, ఆమె చెవులు రెండూ మూసేశాడు.

“బయటికి కారిన చప్పుడు మైకులో పడుతుందండీ,” అన్నాడు.

అది నిజమే. నిజం చెప్పి చేసే పనులే ఎక్కువ దూరం పోతాయి.

ఆ రోజు ఆమె ఎంతో శుభ్రంగా పాడింది. ఉతికి ఇస్త్రీ చేసిన పాట. సౌమిత్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నూకరాజుతో మెల్లగా చెప్పాడు. ఎప్పుడో ఒక సినిమా ట్రాకులో ఈమె గొంతు విన్నాడట. ఆ రోజు ఆమెకు జలుబు. ఒక్క వాక్యం దగ్గర స్వరం దొరక్క, చీకట్లో గుమ్మం కోసం తడుముకున్నట్టు తడుముకుంది. ఆ పాటను చెరిపేశారు. ఆ తడుములాట మాత్రం ఇతని తలలో ఉండిపోయింది. అది మళ్ళీ కావాలి.

“ఐస్‌క్రీం తినిపిద్దామేటండీ?” అన్నాడు నూకరాజు.

“నటిస్తే తెలిసిపోతుందయ్యా. ఆమెకు తెలియకుండా రావాలి.”

అని ఒక చిన్న మీట తిప్పాడు. మైకులోకి పోయిన గొంతు ఉన్నదున్నట్టే రికార్డవుతుంది. ఆమెకు వినిపించమని నాకు పంపే గొంతును మాత్రం శ్రుతిలో వెంట్రుకవాసి కిందికి దించాడు. నేను నాకిచ్చింది ఇచ్చినట్టు ఆమె చెవుల్లో వేశాను.

రెండో వాక్యంలోనే ఆమె కణత మీద నాడి మారింది. అది నాకు మాత్రమే తెలిసే సంగతి. తన గొంతు జారిందనుకుని కాస్త పైకి లాగింది. నాలోని గొంతు కూడా పైకి వచ్చింది, మళ్ళీ అంతే వాసి కింద. ఆమె వెతికింది. దొరకలేదు. ఇంకా మెత్తగా, ఇంకా భయంగా వెతికింది. అద్దం అవతల సౌమిత్రి కళ్ళు మూసుకున్నాడు, తీర్థం పుచ్చుకున్నవాడిలా.

“నా శ్రుతి జారుతున్నాదా సార్?”

“ఎవరన్నారండీ? అద్భుతంగా ఉంది. ఇంకొక్కసారి.”

ఆమె అతని మాట నమ్మలేదు. నా మాట నమ్మింది.

పాటకు వాద్యాలు కూర్చడమంటే ఒకటొకటిగా చేర్చడమని మీరనుకుంటారు. సౌమిత్రి ఒకటొకటిగా తీసేవాడు. ముందు ట్రంపెట్ పోయింది. తర్వాత కుంచె చప్పుడు పోయింది. తర్వాత పియానోలో ఎడమచేతి స్వరాలు. ఆమె ఆనుకోవడానికి ఏదుంటే అది మర్నాటికి ఉండేది కాదు. చివరికి చాలా దూరం నుంచి పలికే బేస్ ఒక్కటి మిగిలింది. “గొంతు చుట్టూ ఖాళీ ఉండాలండీ,” అనేవాడు. ఖాళీ బాగానే ఉంది. అందులో ఉన్నది ఆమె, ఆమెకంటే వెంట్రుకవాసి కింద ఉన్న మరొకామె.

“ఇది తప్పండీ,” అన్నాడొకనాడు నూకరాజు. “అక్కకి సెప్పేద్దాం.”

“చెబితే పాట చచ్చిపోతుంది.”

“పాటకి నొప్పుండదు కదండీ.”

సౌమిత్రి నవ్వి అతనికి టీ తెప్పించాడు.

ఆ టీ తాగడానికి మెట్ల మీద కూర్చున్నప్పుడు కెజియా కూడా వచ్చి పక్కన కూర్చుంది. నన్ను తియ్యడం మరచిపోయి మెడలో వేసుకునే వచ్చింది. నా వైరు వెనుక వేలాడుతోంది.

“మొన్న చర్చిలో హార్మోనియం ఆపించేశాను తమ్ముడూ. తప్పు పలుకుతున్నాదని. అది బాగానే ఉన్నాదంట. పాస్టరమ్మ నన్నే అదోలా చూసింది.”

నూకరాజు గ్లాసులోకి చూస్తున్నాడు.

“మా అమ్మకి చిన్నప్పుడే చెవుడొచ్చింది. నాకూ అదే మొదలేమో. ఇంట్లో గిన్నె పడినా తక్కువ స్వరంలో పడ్డట్టుంటాది. చెవే పోతే ఇంక నా దగ్గరేటుంది?”

“ఏం పోలేదక్కా. నీ చెవి…” అని అతను మొదలుపెట్టాడు. పైనుంచి సౌమిత్రి, “కెజియా గారూ, రండి,” అని పిలిచాడు. ఆమె గ్లాసులో టీ అలాగే వదిలి లేచింది. నూకరాజు మిగతా మాట మింగేశాడు. మనుషులు చాలా మంచి మాటలను అలా మింగి అరిగించుకోగలరు.

చివరి పాట రోజు గదిలో ఉక్కగా ఉంది. రికార్డింగ్ సాగుతున్నంతసేపు ఏసీ ఆపేస్తారు. చరణం చివర పొడుగు స్వరం పట్టుకున్నప్పుడు కెజియా చెంపల మీద చెమట ధారకట్టింది. పాడుతూనే నన్ను తలమీంచి తీసి, పైటకొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఆమె ఎడమచేతిలో, గుండెకు కాస్త దూరంగా ఉన్నాను. గదిలో ఒక గొంతు. నాలో ఒక గొంతు. రెంటికీ మధ్య గాలి వణికింది, దోమ రెక్క కొట్టుకున్నట్టు. శ్రుతి తెలిసినవాళ్ళెవరికైనా అది అర్థమవుతుంది. ఒకే మనిషి రెండు చోట్ల రెండు ఎత్తుల్లో పాడుతోంది.

ఆమె ఊపిరి తీసుకుని మళ్ళీ ఆ స్వరమే పట్టింది. నన్ను దగ్గరికి తెచ్చింది, దూరంగా జరిపింది. తర్వాత అద్దం వైపు చూసింది. నూకరాజు తల వంచుకున్నాడు. సౌమిత్రి లేచి నిలబడ్డాడు.

“ఎన్నాళ్ళ నుంచి సార్?”

“మొదటి రోజు నుంచి,” అన్నాడతను, తలుపు తీసుకుని లోపలికి వస్తూ. అబద్ధం చెప్పలేదు. “మీ చెవికి ఏమీ కాలేదండీ. మీ శ్రుతి ఎప్పుడూ జారలేదు. నేనే దించాను. ఆ మీట తీసేస్తున్నాను. మిగిలింది మీకు ఎలా తోస్తే అలా పాడండి.”

చెంపదెబ్బకు సిద్ధపడ్డవాడిలా నిలబడ్డాడు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. నన్ను మళ్ళీ తలకు పెట్టుకుంది. అతను వెనక్కు వెళ్ళి మీట సరిచేశాడు. బేస్ మొదలైంది. ఈసారి ఆమె గొంతు ఉన్నదున్నట్టే నాలోకి వచ్చింది, ఉన్నదున్నట్టే ఆమె చెవుల్లో వేశాను. రెండు వాక్యాలు పాడి ఆగిపోయింది.

“ఆవిడేదండీ?”

“ఎవరు?”

“కిందావిడ. నాతో పాడే ఆవిడ.”

నూకరాజు బల్ల దగ్గరి మైకులోకి వంగాడు. “అక్కా, అది నువ్వే. నీ గొంతునే కిందికి దించారు.”

“నా గొంతు నాకు తెలీదేటి తమ్ముడూ. ఆవిడ నాకంటే బాగా పాడతాది. తొందరపడదు.” నన్ను రెండు చేతులతో చెవులకు అదుముకుంది. “ఇన్నేళ్ళూ ఎవరో వస్తారనే పాడాను. చోటు పట్టి ఉంచాను. ఇప్పటికి ఒకావిడ వచ్చింది. ఈవిణ్ణి కూడా పంపేస్తారా?”

“కెజియా గారూ, నేను తప్పు చేశాను. అది వదిలెయ్యండి. మీ గొంతుతో మీరు పాడండి. మీరడిగింది అదే కదా.”

“పెట్టండి సార్.”

చాలా మెత్తగా అంది. అతను కోరినంత మెత్తగా, పక్క దిండు మీది మనిషితో అన్నట్టు. అతని చెయ్యి మీట మీదికి పోలేదు. ఆమె ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ ప్రతి పాట తర్వాతా అద్దం అవతలి నుంచి అతను ఆమె మీదికి వదిలిన మౌనాన్నే ఇప్పుడు ఆమె ఇవతలి నుంచి వదిలింది. ఇద్దరికీ మధ్య ఉన్న నాకు ఆమె నాడి వినిపిస్తోంది. అది నింపాదిగా ఉంది. ఆ గదిలో భయపడని మనిషి ఆమె ఒక్కతే.

చివరికి అతను మీట తిప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వి, చరణం అందుకుంది.

పాటలు బయటికి వచ్చాయి. అట్ట మీద ఆమె పేరే ఉంది. విన్నవాళ్ళు ఆ గొంతులో ఏదో వెతుకులాట ఉందని, ఇంత ఒంటరి గొంతు ఎప్పుడూ వినలేదని రాశారు. నూకరాజు ఆ మాటలు చదివి వినిపిస్తే ఆమె ఆశ్చర్యపోయింది. “ఒంటరేటి?” అంది. చర్చి పిల్లలు పాట విని, ఇది మీరేనా ఆంటీ అని అడిగారట. “పైన వినిపిస్తున్నది నేనే. అసలావిడ ఇందులో పడలేదు,” అందట. పిల్లలు నవ్వారట. పాస్టరమ్మ నవ్వలేదు. సౌమిత్రి ఆ తర్వాత ఆడగొంతుతో పాట చెయ్యలేదు. వాద్యాలే చేస్తున్నాడు.

నన్ను ఆమె అడిగి తీసుకుంది. “పాతదక్కా, పారెయ్యాల్సిందే. కొత్తది కొనిస్తాను,” అని నూకరాజు చాలా చెప్పి చూశాడు. చివరికి వైరు చుట్టి చేతిలో పెట్టి, ఆమె మొహం చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు అల్లిపురంలో ఒక వాటా ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ మీటలు లేవు, అద్దం లేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కెజియా గోడకానుకుని కూర్చుని నన్ను తలకు పెట్టుకుంటుంది. నా వైరు చివర ఆమె ఒళ్ళో పడి ఉంటుంది, దేనికీ తగిలించి ఉండదు. నాలో కరెంటు లేదు. నా పొరలు కదలవు. నేను ఏమీ పలకడం లేదని ప్రమాణం చేసి చెప్పగలను, చెప్పే వీలుంటే.

ఆమె పల్లవి ఎత్తుకుంటుంది. ఆ గొంతు ఆమె ఎముకల్లోంచి నాకు తెలుస్తుంది. స్వరం మీద సరిగ్గా నిలబడి, తర్వాత వెంట్రుకవాసి పైకి జరుగుతుంది, కింద ఎవరికో చోటిచ్చినట్టు. నిన్న చరణం దాకా పాడి ఆగింది.

“ఇంక మీరు అందుకోండి,” అంది.

తర్వాత, ఒక పాట ఎంతసేపు ఉంటుందో అంతసేపూ, కళ్ళు మూసుకుని విన్నది.