అత్తగారి పేరు మీద

ఉదయం ఎనిమిదింటికే అత్తగారు నూకమ్మను మా ఆయన పనిచేసే ప్లాంటు ఆస్పత్రిలో బెంచీ మీద కూర్చోబెట్టి టోకెన్ తీసుకున్నాను. ఆవిడకు కంటి ఆపరేషన్. అంతకుముందు డాక్టరమ్మ ఒకసారి చూసి సరేననాలి. ఇంట్లో ఒక్కొక్కరికీ ప్లాంటు ఇచ్చిన మెడికల్ బుక్కులు ఈ ఏడాది నుంచి తేనక్కర్లేదు, పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఇంటిల్లిపాది బుక్కులూ పరీక్షల కాగితాలూ పద్నాలుగేళ్లు మోసినదాన్ని కదా, నాకు నిజంగానే సంతోషమేసింది.

నా బుక్కు నాలుగేళ్ల కిందటే పోయింది. కొత్తది కావాలంటే మా ఆయన సత్యప్రసాద్ ప్లాంటు ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టాలి. డ్యూటీ దిగిన మనిషిని మళ్లీ లైన్లో నిలబెడతావా అన్నాడు. "అమ్మ బుక్కుంది కదా, అందులో రాయించీ. మందు ఎవరి పేరు మీదొస్తే ఏటి?" అప్పటికే నాకు నెలలో పదిహేను రోజులు రక్తం పోతోంది. వెళ్లాను. నూకమ్మా అని పిలిస్తే లేచాను. చెయ్యి చాపి రక్తమిచ్చాను. ఆ పేరు మీదే ఐరన్ మాత్రలు తెచ్చుకుని మింగాను. రద్దీలో ఏ డాక్టరూ తెరిచిన పేజీ దాటి చూడలేదు, వయసు అడగలేదు.

ఈ డాక్టరమ్మ ఆ పేరు మీదున్న నాలుగేళ్లూ తెర మీద ఒకేసారి చూసింది. డెబ్భై ఏళ్ల మనిషికి ఇంత రక్తం పోవడమేమిటి, హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోవడమేమిటి అని హిందీలో అడిగింది. కన్ను తర్వాత చూద్దాం, ముందు గర్భసంచి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి, క్యాన్సర్ కావచ్చు, ఇవాళే చేర్పించమంది. హిందీ అంతగా రాని అత్తగారికి క్యాన్సర్ అన్న మాట మాత్రం అర్థమైంది. నా కొంగు పట్టుకుంది.

వరండాలోకొచ్చి మా ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"నోరెత్తకు. ఒకరి బుక్కు ఇంకొకరు వాడారని నా మీద రిపోర్టు రాసేస్తారు. అమ్మకో టెస్టు చేస్తే ఏటి పోద్ది?"

నా సంగతి అడగలేదు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. డాక్టరమ్మ అన్న మాట ఎవరి గురించో అప్పుడే నాకు పూర్తిగా తట్టింది. భయమేసింది.

లోపలికెళ్లి, ఆ రక్తం ఆవిడది కాదు, నాది అన్నాను.

డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. పేరడిగింది. భాగ్యరేఖ అన్నాను. కంప్యూటర్లో ఆ పేరు కొట్టి చూసి తెర నా వైపు తిప్పింది. అందులో ఆస్పత్రి రిజిస్టరు నుంచి ఎక్కించిన రెండు కాన్పులున్నాయి. వాటి తర్వాత పదకొండేళ్లలో నాకు ఒక్క జ్వరమైనా వచ్చినట్టు లేదు.

"నింపండి మేడమ్, మొదటి నుంచీ చెప్తాను" అన్నాను.