నాలుగేళ్ల మెలిక

నేను ఒక వీడియో గేమ్ మిషను పిడిని. జానెడు ఇనపకడ్డీ, దాని నెత్తిన నిమ్మకాయంత ఎర్ర ప్లాస్టిక్ బంతి, అదీ నా అవతారం. నన్ను పక్కలకు తోస్తే తెర మీద బొమ్మ నడుస్తుంది, పైకి తోస్తే ఎగురుతుంది, వెనక్కి లాగి పట్టుకుంటే ఎదుటివాడి దెబ్బ కాచుకుంటుంది. మద్రాసులో ఏదో రేకుల షెడ్డులో నన్ను చెక్కపెట్టెకు బిగించి, లారీ ఎక్కించి విజయనగరం పంపారు. అక్కడ గంటస్తంభానికి దగ్గర్లో పరశురాం గారి గేముల కొట్టు. కొట్టు అనడం ఆయన మర్యాద కోసం, నిజానికది మెట్ల కింది గది.

తెర ముందు రెండు స్టూళ్లు, రెండు పిడులు. ఎడమవైపు నా జోడు, కుడివైపు నేను. ఆ కొట్టులో ఒక ఆచారం ఉండేది. గెలిచినవాడు ఎడమ స్టూలు వదలడు, వాణ్ణి ఢీకొట్టే ప్రతివాడూ వచ్చి నా దగ్గర కూర్చోవాలి. అంచేత గెలిచే చేతులు దాని వంతు, ఓడే చేతులు నా వంతు. ఓడిన మనిషికి కోపమొస్తే చేతిలో ఉన్నదాని మీదే చూపిస్తాడు. నేను తిన్నన్ని చెంపదెబ్బలు ఏ బడిపిల్లాడూ తిని ఉండడు.

నేను ఆ కొట్టుకు వచ్చిన రెండో ఏట ఎవరో నా మీద గోలీసోడా ఒలకబోశారు. లోపల ఒక బిళ్ల తుప్పు పట్టింది. పెద్ద దెబ్బ కొట్టాలంటే పిడిని కిందికి, మూలకి, ముందుకి ఒక్క ఊపులో తిప్పాలి. ఆ మూల నాలో చచ్చిపోయింది. మణికట్టును కాస్త పైకి మెలిపెడితే తప్ప పలికేది కాదు. కుర్రాళ్లు ఫిర్యాదు చేస్తే, లోపం పిడిలో లేదు, మీ చేతిలోనే ఉందని పరశురాం తేల్చేసేవాడు. వాళ్లూ నమ్మేవారు. తమకు ఆట రాదంటే ఇట్టే నమ్మేస్తారు మనుషులు, పాపం.

నమ్మినవాళ్లలో పోలినాయుడు ఒకడు. జూట్ మిల్లులో మగ్గం నడిపేవాడు, ముప్పై అయిదేళ్లవాడు. తల్లీతండ్రీ పోతే తమ్ముడు రామునాయుణ్ణి చంకనెత్తుకుని పెంచాడు. మిల్లులో సమ్మె జరిగిన ఏడు, ఇంట్లో పొయ్యి వెలగడం లేదని రామునాయుడు వెనక గేటులోంచి పనిలోకి వెళ్లాడు. బయటికి రాగానే పోలినాయుడు అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాడు. అంతే, తమ్ముడు బట్టలు సర్దుకుని వేరే గదికి పోయాడు. మాట లేదు, పలుకు లేదు.

రామునాయుడు మా కొట్టులో మొనగాడు. సోడా ఒలకడానికి ముందునుంచే ఎడమ స్టూలు వాడిది. రాజీ చేయబోయిన స్నేహితులతో ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా అన్నాడు.

"ఈ ఆటలో మా అన్న నన్ను గెలవమనండి. ఆ రోజు మాటాడతాను."

వాళ్లను వదిలించుకోవడానికి ఆడిన మాట అది. మర్నాడు పొద్దున రాత్రి షిఫ్టు దిగి, ఒంటినిండా జనపనార నూగుతో పోలినాయుడు వచ్చి నా ముందు కూర్చున్నాడు.

ఆట ఎన్నాళ్లకు వస్తుందని ఆయన పరశురాంని అడిగాడు. చురుకైనవాడికి ఆరు నెలలన్నాడు పరశురాం, తనకే రాని ఆట గురించి. గుండీలు గుర్తుపట్టడానికే మూడు నెలలయింది. దెబ్బ కాచుకోవడానికి ఏడాది పట్టింది. తెర మీద ఎదుటి బొమ్మ మీదికి రాగానే ఆయన చెయ్యి కొట్టడానికి ఉరికేది. కొట్టకుండా నన్ను వెనక్కి లాగి ఓపిక పట్టాలి. ఆ సంగతి ఒంటబట్టిన రోజున ఆయన నా మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. మిల్లు గేటు గుర్తొచ్చి ఉంటుంది.

రెండో ఏడు నా చచ్చిన మూలను వెతికి పట్టుకున్నాడు. మణికట్టు మెలిపెట్టి నన్ను పలికించడం నేర్చుకున్నాడు. అది నా జబ్బని ఆయనకు తెలియదు, ఆటంటేనే అదనుకున్నాడు. మూడో ఏడు తమ్ముడు ఎప్పుడు ఎగురుతాడో, ఎప్పుడు ఆగుతాడో కనిపెట్టడం నేర్చాడు. ప్రతి సాయంత్రం వచ్చి ఆడేవాడు, ఓడేవాడు, లేచి పోయేవాడు. భుజాలు రాసుకుంటూ కూర్చున్నా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. తమ్ముడు దగ్గితే మాత్రం అన్న చెయ్యి నా మీద బిగుసుకునేది. ఆ చేతి బాధ నాకొక్కదానికే తెలుసు.

నాలుగో ఏడు గోరంత తేడాతో ఓడిపోసాగాడు. ఆ రోజుల్లోనే రామునాయుడికి సూరత్‌లో పని దొరికింది. వెళ్లే రోజు సాయంత్రం సంచీతో సహా కొట్టుకు వచ్చాడు. ఎప్పుడూ లేంది, ఎడమ స్టూలు అన్నకు వదిలి, తను వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. అచ్చొచ్చిన చోటు ఇస్తే గెలుస్తాడనీ, నోరు విప్పడానికి తనకో దారి దొరుకుతుందనీ అనుకున్నాడు కాబోలు.

ఆట మొదలైంది. నా జోడు నిక్షేపంలా ఉన్న పిడి. పోలినాయుడు అలవాటు కొద్దీ దాన్నీ మెలిపెట్టాడు. కొట్టాల్సిన బొమ్మ గాల్లోకి ఎగిరింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ ఎగిరింది. ఇటు రామునాయుడు ఎంత తిప్పినా నేను పలకలేదు. ఇద్దరూ చెరో దెబ్బా తడబడుతూ కొట్టుకున్నారు. టైమైపోయేసరికి తమ్ముడి బొమ్మలో ఒక పిసరు ప్రాణం ఎక్కువ మిగిలింది.

పోలినాయుడు ముఖం నల్లబడింది.

"సీటు దానమిచ్చి మరీ ఓడించినావు. ఇంతమందిలో నవ్వులపాలు సేయడానికేనేట్రా?"

తమ్ముడు నోరు తెరిచేలోగా ఆయన గుమ్మం దాటి వెళ్లిపోయాడు. రామునాయుడు నన్ను పట్టుకుని మెల్లగా కింది మూలకు తోశాడు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. తరవాత పరశురాం వైపు తిరిగాడు.

"నాలుగేళ్లూ మా అన్న దీంతోనే ఆడినాడా? అయితే మా అన్న ఎప్పుడో గెలిచీసినాడండి. అన్నకి అలాగని సెప్పండి. పైడితల్లి పండక్కి వచ్చి నానే మాటాడతాను."

రైలుకు వేళయిందని పరుగెత్తాడు. చెబుతానని పరశురాం తలూపాడు. కానీ ఆ మాట చెబితే నా జబ్బు ఊరంతా తెలుస్తుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. పోలినాయుడు మళ్లీ కొట్టుకు రాలేదు. పండగ ఇంకా నెల ఉందనగా రామునాయుడు సూరత్‌లో పచ్చకామెర్లతో పోయాడు. అన్న వెళ్లేసరికి దహనం అయిపోయింది, చూడ్డానికి ముఖం కూడా మిగల్లేదు. ఇక ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు పరశురాం?

పదిహేనేళ్లయ్యాక కొట్టు మూతబడింది. మిషన్లు పాతసామాన్లవాడి బండెక్కాయి, నా జోడుతో సహా. నన్ను మాత్రం పరశురాం మరలు విప్పి, గుడ్డలో చుట్టి, పోలినాయుడి ఇంటికి తెచ్చాడు. నన్ను అరుగు మీద పెట్టి, తల వంచుకుని, దాచిన మాట అప్పుడు చెప్పాడు.

పోలినాయుడు తిట్టలేదు. ఎప్పుడన్నాడని ఒక్కటే అడిగాడు. ఆ రోజేనని పరశురాం చెప్పాడు. ఆయన నన్ను రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకుపోయాడు.

ఇప్పుడు నేను ఆయన కిటికీ దగ్గర ఒక చెక్క ముక్కకు బిగించి ఉన్నాను. తెర లేదు, గుండీలు లేవు. మిల్లు మానేసిన ఆ చెయ్యి సాయంత్రంపూట నన్ను పట్టుకుంటుంది. కిందికి, మూలకి, ఆ మెలిక, ముందుకి. మరిచిపోలేదు. తప్పు నీ చేతిది కాదయ్యా, నాదని నా అంతట నేను ఒప్పుకోవడానికి నాకు నోరు లేదు.

మొన్న ఎక్కణ్ణించో ఒక స్టూలు తెచ్చి తనకు ఎడమపక్కన వేసుకున్నాడు. నన్ను ఒకసారి తిప్పి, వెనక్కి లాగి పట్టుకుని, ఆ ఖాళీ స్టూలు వైపు తిరిగాడు.

"గెలిచీసినాను గదరా," అన్నాడు. "మాటాడు."