వంటింటి వాటం

లేకపోతే తప్పు చెంబుదే కావచ్చు. వంచేటప్పుడు చెయ్యి కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది, నీళ్లకి ఆ విసురు తగిలి ఉంటుంది, అందుకే తూము వైపు పోవలసినవి పొయ్యి మూలకి పోయి ఉంటాయి. అయినా నేల కొత్తది. నీళ్లు ఎటు పోవాలో కొత్త నేలకి అలవాటు కావద్దూ?

ఇలా ఆలోచిస్తున్నది తానేనని గమనించి వేంకటాచలం సిగ్గుపడ్డాడు. మేస్త్రీ ఇంకా రానే లేదు. మేస్త్రీ చెప్పబోయే సాకులన్నీ అరుగు మీద కూర్చుని తనే తయారుచేసి పెడుతున్నాడు.

పాత వంటింటికి తూము లేదు. కడిగిన నీళ్లన్నీ అతని భార్య జగదీశ్వరి గంగాళంలోకి ఎత్తి, మెట్లు దిగి, పెరట్లో పారబోసి రావాలి. కిందటి వానాకాలంలో ఆ మెట్ల మీదే జారింది. కట్టు విప్పి చాలా రోజులైనా ఆమె కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఇంటి వెనక వైపు ఈ కొత్త వంటిల్లు కట్టించడం అందుకే. కూర్చున్నచోటే నీళ్లు ఒంపితే వాటంతట అవే తూములోంచి బయటికి పోవాలి. ఆమె అడిగింది అదొక్కటే. కిటికీ ఎటుండాలో కూడా అడగలేదు.

పాలు పొంగించేదాకా లోపల అడుగు పెట్టనంది. "మీరు చూసుకోండి చాలు" అంది.

అతను చూశాడు. నిన్న మధ్యాహ్నం ఒక్కడే వెళ్లి, నున్నగా మెరుస్తున్న గచ్చు మీద చెంబెడు నీళ్లు ఒంపాడు. అవి ఒక్క క్షణం ఆగి, తూముకి వీపు తిప్పి, పొయ్యి మూలకి నడిచిపోయి అక్కడ మడుగు కట్టాయి. అప్పుడతను ఎవరినీ పిలవలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఆ నీళ్లు ఒత్తి తుడిచి, పెరటి గోడ పక్కన పిండేశాడు. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి కూడా చూశాడు. గచ్చు వేసింది మేస్త్రీ పోతురాజు. దొంగలా తుడిచింది తను.

ఎందుకు?

అతను ఫిడేలు వాయిస్తాడు. ఎప్పుడూ పక్క వాయిద్యమే. పాడేవాడు తాళం తప్పితే తనూ తప్పుతాడు. ఇద్దరూ కలిసి తప్పితే అది తప్పులా వినిపించదు. విజయనగరంలో అతనికున్న పేరంతా దాని మీద వచ్చిందే. శ్రీముఖలింగంలో ఒక శివరాత్రికి ఒక పెద్దాయన చరణం మధ్యలో అరతాళం ముందుకి దూకేశాడు. వేంకటాచలం కమాను ఆయన వెనకే దూకింది. మృదంగం వాయించేవాడు కళ్లెర్రజేశాడు కాని సభ తల ఊపింది. మరుసటి ఏడు అదే కీర్తనలో, అదే చోట, ఆయన మళ్లీ దూకాడు. అప్పట్లో వేంకటాచలానికి అది గర్వంగా ఉండేది. ఇవాళ అరుగు మీద కూర్చుంటే, ఆ పెద్దాయనకి తన తప్పు గురించి చెప్పిన మనిషి ఈ లోకంలో ఒక్కడూ లేడని తోచింది. అది దయో, భయమో తేల్చుకోలేకపోయాడు. ఆయన కోప్పడతాడని భయపడ్డాను అనుకుంటే కాస్త నిజానికి దగ్గరగా ఉంది.

లోపలినించి జగదీశ్వరి ఇత్తడి పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది. అందులో పోతురాజుకి పంచెల చాపు, అతని భార్య దాలమ్మకి చీర, పైన తమలపాకులు. మేస్త్రీకి బట్టలు పెడితే పని ఒప్పుకున్నట్టే. ఆ తరవాత గోడ కూలినా ఇంటివాడు నోరెత్తకూడదు. మేస్త్రీ బట్టలందుకున్నాకే ఇల్లాలు గడప దాటడం ఆ వీధి ఆనవాయితీ.

"ఏవిటండీ, పొద్దున్నించీ కాఫీ ముట్టలేదు?"

"ఆకలి లేదే."

వీధి మలుపులో పోతురాజు గొంతు వినిపించింది. కొత్తవలసలో కొత్త రైలు దారికి క్వార్టర్లు కట్టినవాణ్ణని ఆ గొంతుతోనే ఊరంతా చెప్పుకుంటాడు. తలకి నూనె కారేలా రాసుకుని వచ్చాడు. వెనకాల దాలమ్మ.

"ఏటి పంతులు బావూ, ఒంటి మీద పట్టుపంచి, మొకం సూత్తే కోర్టుకెల్తన్నట్టున్నాది!"

"నీ సంగతి సూసుకో ముందు," అంది దాలమ్మ. "ఇంటికాడ దీపానికి సుక్క నేకుండా నూనంతా నెత్తిన ఒంపేసినావు."

"ఊరుకోయే, ముహూర్తం దాటిపోతన్నాది."

నలుగురూ కొత్త వంటింటి గడప దగ్గరికి వెళ్లారు. జగదీశ్వరి పాలగిన్నెని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడింది. కుడిచెయ్యి ఊరికే ఆనించి ఉంది. వేంకటాచలం పళ్లెం అందించాడు. పోతురాజు రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు.

పళ్లెం కదల్లేదు.

"ఒగ్గండి బావూ," అన్నాడు పోతురాజు నవ్వుతూ.

వేంకటాచలం వదల్లేదు. పాడేవాడి వెనకాల పోవడానికి ఎవరూ పాడటం లేదు. అంతా తనకోసం ఆగి ఉన్నారు. అలాంటి నిశ్శబ్దం అతనికి ఎప్పుడూ ఎదురు కాలేదు.

"వాటం తప్పిందోయ్."

"ఏటి?"

"గచ్చు వాటం తప్పింది. నీళ్లు తూముకి పోవడం లేదు. పొయ్యి మూలకి పోతున్నాయి."

పోతురాజు మొహం బిగుసుకుంది. "ఎవులన్నారామాట?"

"నేనే అంటున్నాను."

"అద్దంలాటి గచ్చు బావూ! అందల మొకం సూసుకోవచ్చు!"

"మా ఆవిడకి మొహం చూసుకోడానికి కాదు. నీళ్లు పోడానికి."

దాలమ్మ కిసుక్కుమంది. పోతురాజు ఆమె వైపు ఉరిమి చూసి, పళ్లెం వదిలేసి, గోలెంలోంచి ముంతెడు నీళ్లు ముంచి విసురుగా లోపలికి వెళ్లాడు. నీళ్లు ఒంపి గొంతుక్కూర్చున్నాడు. అవి పొయ్యి మూలకి పోయాయి. ఇంకోచోట ఒంపాడు. అవీ అటే పోయాయి. గచ్చు మీద అరచెయ్యి ఆనించి తూము దాకా జరిపి చూశాడు. వేంకటాచలం పళ్లెం ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు తిడతాడు, నలుగురిలో పరువు తీస్తాడు.

"మొదట్ల మీరు తూము తూరుపేపన్నారు," అన్నాడు పోతురాజు, తలెత్తకుండా.

"తరవాత ఉత్తరానికి మార్చమన్నాను."

"అన్నారు. అన్నారు బావూ. తూము మార్సినాను, వాటం మార్సడం మరిసిపోనాను."

"గచ్చేసిన ఆ మూడ్రోజులూ మనిషిక్కడ, బుద్ది సీపురుపల్లి పని కాడ," అంది దాలమ్మ. "గచ్చేం సేస్తాది పాపం!"

"నువ్వొకర్తివి సాలు నా పరువు తియ్యడానికి!" అని పోతురాజు లేచి, నూనె కారుతున్న తల గోక్కుని, నవ్వేశాడు. "సెక్కి మళ్లీ ఎయ్యాల. నా తప్పే, నానే ఏస్తాను. నాలుగ్గోడల మద్దెన ఉన్నాది కాబట్టి సరిపోనాది, నేకపోతే కొత్తవలస దాకా నవ్వుదురు."

అంతే. ఇంకేమీ జరగలేదు. ఆకాశం విరిగి పడలేదు. వేంకటాచలం ఊపిరి వదిలాడు, అది నిన్న మధ్యాహ్నం పీల్చిన ఊపిరిలా ఉంది. వెంటనే కడుపులో ఆకలి కరకరలాడింది. ఎవరి ఇంట్లోనో పోపు వేస్తున్న వాసన ఇప్పుడే తెలిసింది.

జగదీశ్వరి గడప మీద కూలబడి అతని మొహంలోకి చూసింది. "మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"తువ్వాలు సిమెంటు వాసనొస్తే గోడ తుడిచారేవో అనుకున్నాను." పాలగిన్నె పక్కన దించి, "నేను మళ్లీ పడుందునండీ" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని అతను వెతికాడు. లేదు. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు ఉన్నాయి.

ఆ గిన్నె వేంకటాచలమే అందుకుని లోపల పొయ్యి మీద పెట్టాడు. పాలు ఆ వేళకే పొంగాయి. నేల వంకరైనా పొయ్యి తిన్నగానే ఉంది. దాలమ్మ చీర అందుకుని మడత విప్పి అంచు చూసుకుంది. పోతురాజు మాత్రం పంచెల చాపు ముట్టుకోలేదు. "పనయ్యేక తీసుకుంతాను బావూ. ఇయాలే కట్టేస్తే సిమెంటైపోతాది" అన్నాడు. వేంకటాచలం పాలు తాగాడు, రెండోసారి అడిగి మరీ తాగాడు.

పోతురాజు సుత్తీ ఉలీ తెచ్చి లోపలికి వచ్చాడు గాని కూర్చోలేదు.

"పాలు పొంగిన నేల. ఇంటాయన సెయ్యి పడకుండా నాను సెక్కను. ఒక్క దెబ్బ మీరెయ్యండి."

"వేళ్లు జాగ్రత్త," అంది జగదీశ్వరి గడపలోంచి.

వేంకటాచలం పంచె ఎగదోపుకుని పొయ్యి మూల గొంతుక్కూర్చున్నాడు. ఎడమచేత్తో ఉలిని మెరుస్తున్న గచ్చు మీద నిలబెట్టాడు. సుత్తి అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఎత్తి, కొట్టాడు.