పేరుపెట్టి చేసిన ప్రార్థన

హేమంతము ప్రవేశించి పల్నాటి మిరపచేలపై ప్రాలేయధవళమైన తెరను కప్పియుండ, ఉదయించియు నుదయింపనివానివలె భానుడు ఆ తెరమాటున తడబడుచుండ, పూతపిందెలతో నిండిన తోటలమీదుగా వీతెంచు శీతలసమీరణము పట్టణోపాంతమున కన్యామఠమును ఆనుకొనియున్న బాలికోన్నత పాఠశాలా ప్రాంగణమున చొరబడి, నీలిపావడలును తెల్లచొక్కాలును ధరించి బారులుతీర్చి నిలిచిన బాలికలను గజగజ వణకించుచుండెను. క్రీస్తుజయంతికి ముందు వచ్చు ఆగమనకాలము ఆరంభమైన వారమది. మరియమాత స్వరూపము నెదుట ఊదారంగు క్రొవ్వొత్తి యొకటి వెలుగుచుండెను. పిల్లలు భుజములు ముడుచుకొని ప్రాతఃకాలప్రార్థనకై వేచియుండిరి.

ఆ పాఠశాల మేడమీద నాలుగు దిక్కులకును నాలుగు మైకుబూరలు కట్టబడియుండెను. సర్వవ్యాపియగు దేవుని వినికిడిశక్తిని గూర్చి మఠమువారికి ఏమి సందేహము కలిగెనో తెలియదు గాని, అచట పలికిన ప్రార్థన ప్రహరీగోడ దాటి బజారులోని ఇడ్లీబండి వరకును స్పష్టముగ వినవచ్చుచుండెను.

ఆ ప్రార్థన నడపునది సిస్టరు స్కొలాస్టిక. ఏబది దాటిన వయస్సు, చిఱునవ్వు చెదరని మొగము, ఎవరి కన్నీరు చూచినను అన్నము సయింపని మెత్తని మనస్సు ఆమెవి. విద్యార్థినుల యోగక్షేమములు కనిపెట్టుట ఆమెకు మఠము అప్పగించిన పని. వసారా చివర ఆమె కూర్చుండు చిన్నగదిని పిల్లలు ఓదార్పుగది యని పిలుచుకొనుచుండిరి. ఇంట తిట్లు తిన్నవారును, చెలికత్తెతో మాటలు మానినవారును, చదివినది తలకెక్కనివారును అందు చేరి వెక్కివెక్కి యేడ్చి తేలికపడి పోవుచుండిరి. వినుట యను విద్య ఆమెకు పుట్టుకతో వచ్చినది. విన్నదానిని తనలోనే అట్టిపెట్టుకొనుట యను విద్యను మాత్రము ఆమెకెవ్వరును నేర్పలేదు, నేర్వవలెనని ఆమెయు ఎన్నడు తలపలేదు.

కీర్తన ముగిసినపిదప ఆమె మైకు నందుకొని ఆపదలో నున్న పిల్లలను పేరుపెట్టి స్మరించుటయు, బాలికలెల్లరు ఏకకంఠముగ ‘ప్రభువా, మా మనవి ఆలకింపుము’ అనుటయు ఆ పాఠశాల ఆచారము. జ్వరపడిన పిల్ల, తాతను పోగొట్టుకొన్న పిల్ల, లెక్కలలో తప్పిన పిల్ల, అందరును ఆ విన్నపములకెక్కినవారే. తల్లులు సైతము గేటుకడ ఆమెను ఆపి “సిస్టర్ గారూ, రేపు మా బుడ్డదాని పేరు కూడా చెప్పండి, దగ్గు తగ్గట్లేదు” అని వేడుకొనుచుండిరి. తన నోట పేరు వినబడిన పిల్ల ఆ దినమెల్ల పెండ్లికూతురివలె మెరసిపోవుట చూచి ఆమె మురియుచుండెను. ఆ మురిపెమున ఇంచుక గర్వమును కలదు గాని దానిని ఆమె భక్తియనియే యెంచుకొనెను.

పదవ తరగతి చదువు శౌరిమేరి యను బాలిక ఒకనాటి మధ్యాహ్నము ఆ గదికి వచ్చెను. ఆమె తల్లి ఇన్నాసమ్మ గుడివెనుక వీధిలో ఆడువారి రవికలు కుట్టునది. దసరా వెళ్ళిన కొలదిదినములకే ఇన్నాసమ్మకు నిద్ర పోయినది, ఆకలి పోయినది, తుదకు ఎదుటలేనివారితో మాటలాడసాగినది. లారీ నడుపుకొను భర్త ఆమెను విశాఖపట్టణమునకు గొనిపోయి మానసిక చికిత్సాలయమున చేర్చెను. వీధివారితో మాత్రము అక్కకు కాలు విరుగుటచే సాయము చేయ బోయినదని చెప్పిరి. తండ్రి లారీపై తిరుగుచుండ, ఆ పిల్ల బడి విడిచినపిదప తల్లి మిషనుమీద కూర్చుండి ఒప్పుకొన్న రవికలను తానే కుట్టి, అమ్మ వెళ్ళుటకు ముందే కుట్టిపెట్టినదని చెప్పి ఇచ్చుచుండెను. చదువునకు వేళ చాలక మార్కులు తగ్గగా ఉపాధ్యాయినులు గద్దించిరి. ఆ దుఃఖము పట్టలేక ఆమె ఓదార్పుగది తలుపు తట్టినది.

“అమ్మకి నయమవతంది సిస్టర్. పండక్కి పంపిస్తామన్నారు. వీధిలో ఎవరికీ తెలియకుండా వచ్చేస్తే చాలు, మళ్ళీ మామూలుగా మిషన్ దగ్గర కూచునిద్ది. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పబాకండి.”

“చెప్పనమ్మా” అని సిస్టరు ఆ పిల్ల తలపై చేయివేసి మాట యిచ్చెను. తాను మాట తప్పితినని ఆమె యెన్నడును అంగీకరించియుండదు, ఏలయన దేవునికే చెప్పెను. కాని మైకులో చెప్పెను.

మరునాటి యుదయమున కీర్తన ముగిసినది. నిద్రలేని కన్నులతో తన యెదుట బారులో నిలిచియున్న శౌరిమేరిని చూడగానే సిస్టరు హృదయము కరిగి నీరయ్యెను. ఆ కరుణావేశమున కన్నులు మూసికొని గద్గదస్వరముతో ఆమె యిట్లు ప్రార్థించెను.

“ప్రభువా, పదవ తరగతి చదువుతున్న మా బిడ్డ శౌరిమేరి తల్లి మతిస్థిమితం కోల్పోయి విశాఖపట్నంలో మానసిక ఆసుపత్రిలో ఉన్నది. ఆ తల్లిని స్వస్థపరచి పండుగకు ఇల్లు చేర్చమని నిన్ను వేడుకుంటున్నాము.”

“ప్రభువా, మా మనవి ఆలకింపుము” అని వందలకొలది కంఠములు పలికెను. అలవాటుచే శౌరిమేరి పెదవులును ఆ మాటలనే పలికెను. పలికిన పిదపగాని తాను విన్నదేమో ఆ పిల్లకు తెలియలేదు. ముందు వరుసవారు వెనుకకు తిరిగి చూచిరి. ఆమె కన్నులనుండి నీరు ధారగా కారుట చూచి సిస్టరు స్కొలాస్టిక అది సాంత్వనమనుకొనెను. ఉపాధ్యాయినుల గదిలో “చూశారా, బిడ్డ ఎంత కదిలిపోయిందో” అనికూడ చెప్పుకొని సంతోషించెను. ఆ మధ్యాహ్నము అన్నమునకని ఇంటికి పోయిన శౌరిమేరి మరల బడికి రాలేదు.

రెండుమూడు దినములు గడచెను. చిన్నతరగతుల పిల్లలు కొందరు విరామవేళ జడలు విప్పుకొని కేకలు వేయుచు ఒకరినొకరు తరుముకొను క్రొత్తయాట యొకటి కనిపెట్టిరి. సిస్టరు వారిని పిలిచి జడలు వేసికొండని మందలించి పోయెను. అది ఎవరి తల్లిని అనుకరించు ఆటయో ఆమె ఊహింపనైనలేదు. మంచివారికి ఇట్టి గ్రుడ్డితనము తరచుగ కలుగుచుండును. తాము చేసినది మేలే యను నమ్మకము అంత దట్టముగ కన్నులకు కమ్మియుండును.

ఆ వారము ముగియకమునుపే సాంఘికశాస్త్రము చెప్పు సామ్రాజ్యము టీచరు వసారాలో ఆమెను కలిసికొని గొంతు తగ్గించి పలికెను. “శౌరిమేరి ఇక రాదేమోనండి సిస్టర్. ఆ వీధిలో ఆడోళ్ళంతా కుట్టుకిచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకెళ్తన్నారంట. మతి సరిగా లేనామెకి కొలతలిచ్చేదెట్లా అంటన్నారంట.”

“అయ్యో! ఆ సంగతి వాళ్ళకెవరు చెప్పారు?” అని సిస్టరు నిజమైన ఆగ్రహముతో అడిగెను.

సామ్రాజ్యము టీచరు చేతిలోని సుద్దముక్క వంక చూచుకొనెను. “మీరే కదండీ” అని గొంతు ఇంకను తగ్గించి “మైకులో” అనెను.

అంతవరకు లోకమునందు ఎవరి తప్పునైనను ఓర్పుతో విని క్షమింప నేర్చిన ఆ సన్న్యాసిని, ఆ తప్పు తనదే యని వినినంతనే ఏమి చేయవలెనో తోచక నిలువున కొయ్యబారిపోయెను. సిగ్గు ఆమె పాదములనుండి పైకి ప్రాకి చెవులు వేడియెక్కునట్లు చేసెను. ఇన్ని యేండ్లుగా తన నోట వెలువడిన పేర్లన్నియు ఒక్కొక్కటిగా జ్ఞప్తికి రాసాగెను. వారిలో మెరసినవారెందరో, మెరయునట్లు నటించి ఇంటికిపోయి ఏడ్చినవారెందరో ఆమెకిక తెలియు దారి లేదు.

సాయంకాలము ఆమె గుడివెనుక వీధికి పోయెను. కొళాయికడ బిందె నింపుకొనుచున్న ఒక యిల్లాలు చేతులు జోడించి ఎదురువచ్చెను. “మీరు చెప్పబట్టి తెలిసింది సిస్టర్ గారూ! లేకపోతే ఆ తల్లీకూతుళ్ళు మమ్మల్నందర్నీ ఎర్రోళ్ళని చేసుండేవాళ్ళు. మీకు పుణ్యముంటది.” ఆ కృతజ్ఞత చెంపపెట్టువలె తగిలినను తిరిగి నమస్కరింపక తప్పినది కాదు. తలపైని ముసుగును నుదుటిమీదికి లాగుకొని ఆమె ముందునకు నడచెను.

శౌరిమేరి గుమ్మమునందు నిలిచి లోనికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె వెనుక కుట్టుమిషను మూతవేసి యుండెను. సిస్టరు నిలుచున్నచోటనే చేతులు జోడించెను.

“తప్పు చేశానమ్మా. రేపే అసెంబ్లీలో అందరి ముందూ ఒప్పుకుంటాను. అదే మైకులో నీకు క్షమాపణ చెప్తాను.”

“వద్దు సిస్టర్!” అని ఆ పిల్ల బెదరిపోయి అడ్డువచ్చెను. “ఆ రోజు బడికి రానోళ్ళకి కూడా తెలిసిద్ది. మళ్ళీ నా పేరు మైకులో ఎత్తబాకండి.”

“అయితే ఈ వీధివాళ్ళకి నేను నచ్చజెప్తాను. ఇంటింటికీ వెళ్తాను.”

“ఏం చెప్తారు? మా అమ్మని జాలిగా చూడమనా? ఇప్పుడదే చేస్తన్నారు. అమ్మ బస్సు దిగి వస్తంటే అందరూ గుమ్మాల్లో నిలబడి జాలిగా చూస్తారు. ఆ చూపు మా అమ్మ తట్టుకోలేదు సిస్టర్.”

“మరి నన్నేం చెయ్యమంటావమ్మా?”

“ఏం చెయ్యబాకండి.”

ఉపకారమే ఊపిరిగా బ్రదికినవారికి ఇంతకంటె కఠినమైన యాజ్ఞ లేదు. బహిరంగముగ క్షమాపణ చెప్పినచో తన మనసు తేలికపడియుండును, విన్నవారు ఆమె వినయమును కొనియాడియుందురు, ఆ కీర్తికి మూల్యము మాత్రము మరల ఆ పిల్లయే చెల్లించియుండును. ఈ సంగతి ఆమెకు దారిలో బోధపడి సిగ్గును రెట్టించెను. గుడికి పోయి గురువు చెవిని తన తప్పు చెప్పుకొని పాపసంకీర్తనము చేయగా ఆయన ఎప్పటివలె నాలుగు జపములు ప్రాయశ్చిత్తముగ విధించి మనస్సమాధానముతో పొమ్మనెను. ఆమె జపములు ముగించెను గాని సమాధానము వెంటరాలేదు.

మరునాటి నుండి విన్నపములలో పేర్లు వినబడలేదు. సిస్టరు పరలోకజపము మాత్రము పలికి మైకు నావలపెట్టుట చూచి ఉపాధ్యాయినులు ఆమెకు ఒంట్లో బాగులేదనుకొనిరి. ఓదార్పుగదికి వచ్చువారును తగ్గి తగ్గి తుదకు ఎవ్వరును రాకుండిరి. తెరచిన తలుపు నెదుట ఆమె కూర్చుండి, వసారాలో పిల్లలు తన గది సమీపింపగానే మాటలు మానుకొని వడివడిగ దాటిపోవుట వినుచుండెను. అర్ధసంవత్సర పరీక్షలకు శౌరిమేరి తిరిగివచ్చినది. వ్రాసినది, పోయినది, ఎవ్వరితోను మాటలాడలేదు.

పండుగ సమీపింపగా ఏటేటివలె బాలికల బృందము రంగుకాగితపు నక్షత్రమును, పళ్ళెరమున బాలయేసు స్వరూపమును పట్టుకొని, సిస్టరు స్కొలాస్టిక వెంటరాగా, సంధ్యవేళ ఇల్లిల్లు తిరిగి పాటలు పాడుచు గుడివెనుక వీధికి వచ్చెను. శౌరిమేరి యింట దీపము వెలుగుచుండెను. ఆ గుమ్మము విడిచి పోవుదమా యని సిస్టరు కాళ్ళు సందేహించెను. విడుచుటయు ఒకవిధముగ చాటుటయే యని తోచి ఆగెను. పిల్లలు పాట యెత్తుకొనిరి.

తలుపు తెరచినది ఇన్నాసమ్మయే. ఆ ఉదయమే బస్సు దిగినది. మనిషి చిక్కిపోయినది, మందులమత్తు కన్నులలో ఇంకను వీడలేదు, ఐనను తల దువ్వి జడ బిగించుకొని ఇస్త్రీచీర కట్టినది. పాట ముగియువరకు కదలక నిలిచి పిదప గడప దాటి సిస్టరు రెండుచేతులను పట్టుకొనెను.

“స్కొలాస్టిక సిస్టరంటే మీరేనా? నేను లేనన్నాళ్ళూ మా పిల్లని మీరే కనిపెట్టుకుని ఉన్నారంట గదా. దిగంగానే చెప్పింది.”

సిస్టరు చేతులు వెనుకకు తీసికొనబోయెను గాని ఇన్నాసమ్మ విడువలేదు.

“ఆస్పత్రి కాడ ఎవరో నన్ను చూసొచ్చి వీధంతా చాటారంట. పిల్ల చెప్పింది. ఎవరో ఏమో, వాళ్ళ కడుపు చల్లగుండ. నా బిడ్డ ఒక్కతే ఎట్టా పడిందో! మీరున్నారు కాబట్టి సరిపోయింది. ఈ ఊళ్ళో మా గురించి తెలిసి కూడా నోరు విప్పంది మీరొక్కళ్ళేనంట.”

తల్లి భుజము వెనుక శౌరిమేరి నిలిచియుండెను. సిస్టరు ఆమె వంక చూచెను. ఆ కన్నులలో కోపము లేదు, చనువు లేదు, కొంచెముగ తల మాత్రము అడ్డముగ ఆడెను. నక్షత్రము పట్టుకొన్న పిల్లయు పళ్ళెరము పట్టుకొన్న పిల్లయు వారి వెనుకనున్నవారును, ఆనాటి ప్రార్థనలో ‘మా మనవి ఆలకింపుము’ అని గొంతెత్తి పలికినవారే యయ్యు, తలలు వంచుకొని నేల చూచుచుండిరి. ఒక్కరును పెదవి కదపలేదు.

నిజము సిస్టరు నాలుకచివరకు వచ్చెను. చెప్పినచో తన గుండెబరువు దిగును, ఈ తల్లికి మాత్రము పట్టుకొనియున్న చేతులును లేకపోవును. ఆమె దానిని మ్రింగి, దొంగసొమ్ము అందుకొన్నదానివలె ఆ కృతజ్ఞతను అందుకొని, “దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలమ్మా” అని మాత్రము అనగలిగెను.

“అప్పుడప్పుడు వస్తా ఉండండి సిస్టర్. మనసులో మాట చెప్పుకోడానికి నాకూ ఒక మనిషి కావాల” అని ఇన్నాసమ్మ చేతులు విడిచెను.

పగ తీర్చుకొనుటకు ఒక్కమాట చాలియుండగా ఆ పిల్ల దానిని దాచినది. అది క్షమించుట కాదని సిస్టరు స్కొలాస్టిక యెఱుగును. తల్లి ఆనుకొనుటకు ఊరిలో ఒక్కరైన మిగులవలెనని, మిగిలినవారెవ్వరును లేక, తన్ను ముంచినదానినే ఆ పిల్ల మంచిదానిగ కల్పించి తల్లికి అప్పగించినది. ఇక వారమువారమును ఆ గడపకు వచ్చి, తాను కాని మనిషిగ ఆ తల్లి యెదుట కూర్చుండి, ఆమె చెప్పునది విని, ఎవ్వరికిని చెప్పక మరలిపోవలసియుండెను. మఠనియమములలో ఇంతకు మించిన ప్రాయశ్చిత్తము లేదు.