చెప్పుకాలు తగలని పెడల్

నేను ఒక కుట్టుమిషన్ పెడల్ని. తొక్కించుకోవడానికే పుట్టినదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తొక్కాల్సినదాన్ని నెత్తిన పెట్టుకునే మనుషుల్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

నల్లటి గట్టి డబ్బా, లోపల చుట్టలుగా తీగ, గోడ ప్లగ్గుకి ఒక వైరు, మోటారుకి ఒక వైరు. ఇంతే నేను. గట్టిగా తొక్కితే కరెంటంతా మోటారుకి పోతుంది. మెల్లగా తొక్కితే సగం నా కడుపులోనే ఆగిపోయి వేడవుతుంది. నన్ను చేసిన దేశంలో బూట్లేసుకుని కుట్టేవాళ్లు. బూటు కింద కాస్త వేడుంటే వాళ్లకేం పట్టింది? బిట్రగుంట రైల్వే కాలనీలో నా మొదటి దొరసాని కూడా బూటు కాలితోనే తొక్కింది. ఆమె ఊరు వదిలిపోతూ మిషన్‌తో పాటు నన్నూ అమ్మేసింది. అలా కావలిలో సువార్తమ్మ ఇంటికొచ్చాను.

పేటలో ఆడవాళ్ల జాకెట్లన్నీ సువార్తమ్మవే. భర్త పోయాక ఆ మిషనే ఆమె ఇల్లు నడిపింది. అందుకని దాని ముందు కూర్చునేటప్పుడు చెప్పులు గడప దగ్గరే విడిచి, వట్టి పాదం నా మీద పెట్టేది. నేను కాలగానే "నీ దుంప తెగ, మళ్లీ మొదలుపెట్టావా!" అని కాలు తీసేసి, నేను చల్లారేదాకా హుక్కులు కుట్టుకునేది. ఆ తిట్టంటే నాకు ఇష్టంగా ఉండేది.

తర్వాత ఆమెకి షుగరొచ్చింది. పాదాలకి స్పర్శ పోతోంది, ఇంట్లో కూడా చెప్పులు విడవొద్దు అని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మెత్తటి నీలం చెప్పులు కొనుక్కుంది. వంటింట్లో వేసుకుంది, పెరట్లో వేసుకుంది. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం విడిచేసింది.

ఆ రోజుల్లోనే మిషన్లు రిపేరు చేసే బాజీ వచ్చి నా అడుగున ఒక స్క్రూ బిగించి పోయాడు. కొన్నాళ్లకి సువార్తమ్మ కాలు తీయడం మానేసింది. "నీ చెయ్యి చల్లగుండ బాజీ! వేడే లేదయ్యా ఇప్పుడు" అని వీధిలో పోయేవాణ్ణి పిలిచి మరీ మెచ్చుకుంది. వాడు కాలరెగరేసుకుంటూ పోయాడు. ఒరే అబ్బాయ్, నాలో వేడి తగ్గలేదురా! ఎట్లా చెప్పను? నాకున్న నోరల్లా ఆ వేడే.

ఒకరోజు ఆమె భర్త చెల్లెలు రూతు నా మీద కాలు పెట్టి ఎగిరి గంతేసింది.

"అమ్మో! వదినా, పెనం మాదిరి కాలతా ఉండాదే ఇది!"

"నీవి మహారాణి పాదాలు లేమ్మే. బాజీ బాగుచేశాడుగా."

"పోనీ చెప్పులేసుకుని తొక్కు."

"అన్నం పెట్టేదాన్ని చెప్పుకాలితో తొక్కమంటావా? నోర్ముయ్."

అన్నం పెట్టేదాన్నట! అయ్యో పిచ్చితల్లీ, చెప్పుతో తొక్కవే, బురద చెప్పుతో తొక్కవే అని ఎంత మొత్తుకున్నానో. కరెంటన్నా పోతే బాగుండనుకున్నాను. పని పెట్టుకున్నప్పుడల్లా పోయే కరెంటు అప్పుడు మాత్రం పోలేదు.

క్రిస్మస్‌కి సండేస్కూలు పిల్లల తెల్ల గౌన్లు వచ్చాయి. అంచులకి లేసు. లేసంటే మెల్లగా కుట్టాలి. మెల్లగా అంటే నేను మండిపోవాలి. పొద్దున కూర్చున్న మనిషి లేవలేదు. మధ్యాహ్నానికి వాసన మొదలైంది.

"ఏందో కాలతా ఉండాది, చూడుమే," అంది సువార్తమ్మ.

రూతు ఇస్త్రీపెట్టె చూసింది, ప్లగ్గు చూసింది, పొయ్యి మీద అన్నం చూసింది. సువార్తమ్మ కూడా ఒళ్లో గౌన్లు ఒక్కొక్కటే విదిలించి, ఎక్కడైనా మచ్చ పడిందేమోనని వెతికింది. కాలు మాత్రం నా మీదే ఉంది.

గౌన్లకేం కాలేదు. పండక్కి పిల్లలు వాటిల్లో మెరిసిపోతూ పాటలు పాడారట. అప్పటికి సువార్తమ్మ నెల్లూరు ఆసుపత్రిలో ఉంది. పుండు మానలేదు. ముందు వేళ్లు తీశారు, తర్వాత మోకాలి కిందంతా తీసేశారు.

"ఈ శనిది మా వదిన కాలు తినేసింది" అని రూతు నన్ను పీకి గోడకేసి కొట్టింది. కొట్టనీ. నేనా తిన్నది? నాకు చేసిన మర్యాద తినేసింది. మిషన్‌కి చేత్తో తిప్పే పిడి బిగించారు. సువార్తమ్మ ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో గుడ్డ తోస్తూ కుడుతోంది.

నన్ను పాత సామాన్లవాడికి వేశారు. వాడి గోనెసంచిలో సువార్తమ్మ నీలం చెప్పు కూడా ఒకటి రూతే వేసింది. కుడికాలిది. అడుగు సరిగ్గా అరగనే లేదు. వాడు కొట్టు వెనక సంచి బోర్లిస్తే నేను ముందు పడ్డాను. తర్వాత ఆ చెప్పొచ్చి నా మీద, సువార్తమ్మ పాదం ఆనించే చోటే పడింది.